ఇంటికి రంగు ఎన్ని లీటర్లు పడుతుంది? గోడ కొలిచి లెక్క కట్టే పద్ధతి

రంగుల షాపుకి వెళ్లి "డబుల్ బెడ్‌రూమ్ ఇల్లండీ, రంగు ఎంత పడుతుంది?" అని అడగండి. అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని ఎస్‌ఎఫ్‌టీ?" అనే. అంటే ఇంటి నేల ఎన్ని చదరపు అడుగులని. మీరు వెయ్యి అంటే దాన్ని మూడున్నరతో గుణించి, 3,500 చదరపు అడుగులకు బకెట్లు లెక్క చెప్పేస్తారు. ఈ మూడున్నర సూత్రం ఎవరో మోసం చేయడానికి కనిపెట్టింది కాదు. ఇల్లు మొత్తానికి ఒకే రంగు వేసిన రోజుల్లో అది బాగానే పనికొచ్చింది. ఇప్పుడు హాలుకి ఒక షేడు, పిల్లల గదికి ఒకటి, పూజ గదికి ఇంకొకటి, సీలింగ్‌కి తెలుపు. మొత్తం ఎంత అన్నది తెలిస్తే చాలదు, ఏ రంగు ఎన్ని లీటర్లో తెలియాలి. మూడున్నర సూత్రం చేతులెత్తేసేది సరిగ్గా అక్కడే. షేడు కలిపించిన రంగును షాపు వాళ్లు వెనక్కి తీసుకోరు కాబట్టి ఆ తేడా అంతా మన జేబు మీదే పడుతుంది.

టేపు, నోటు పుస్తకం, సాయానికి ఒక మనిషి ఉంటే ఒక పూటలో ఇల్లంతా కొలిచేయొచ్చు.

1. ముందు ఒక గది కొలుద్దాం

ఒక బెడ్‌రూమ్ తీసుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 11. ఎత్తు స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే టైల్ పట్టీ) పైనుంచి సీలింగ్ దాకా 9 అడుగుల 6 అంగుళాలు. ఇక్కడే చాలామంది 9.6 అని రాసేస్తారు. అడుగుకి 12 అంగుళాలు, కాబట్టి 6 అంగుళాలంటే అర అడుగు. రాయాల్సింది 9.5. మూడంగుళాలు 0.25, తొమ్మిదంగుళాలు 0.75. ఇల్లంతా ఇదే తప్పు రాస్తూపోతే తేడా పెరిగిపోతుంది.

చుట్టుకొలత: 12 + 11 + 12 + 11 = 46 అడుగులు. దాన్ని ఎత్తుతో గుణిస్తే నాలుగు గోడలూ కలిపి 437 చదరపు అడుగులు. ఇందులో రంగు పడని చోట్లు తీసేయాలి:

గది తలుపు 3 × 7 = 21
బాత్‌రూమ్ తలుపు 2.5 × 7 = 17.5
కిటికీ 5 × 4 = 20
సీలింగ్ దాకా ఉన్న కప్‌బోర్డు 6 × 9.5 = 57

మొత్తం 115.5 పోతే 321.5 మిగిలింది. కిటికీ లోపలి అంచులకు కూడా గోడ రంగే వేస్తారు కాబట్టి అవి కలపాలి. చుట్టూ 18 అడుగులు, లోతు అర అడుగు అనుకుంటే 9. గోడలు సుమారుగా 330 చదరపు అడుగులు. సీలింగ్ 12 × 11 = 132. దీన్ని విడిగా రాయండి, గోడల లెక్కలో కలపొద్దు. ఆ రంగు వేరు.

స్విచ్ బోర్డులు, వెంటిలేటర్ కన్నాలు, ఏసీ పైపు రంధ్రాల్లాంటివి తీసివేయక్కర్లేదు. ప్రభుత్వ పనుల కొలతల్లో కూడా 0.5 చదరపు మీటరు లోపు, అంటే సుమారు ఐదున్నర చదరపు అడుగుల లోపు ఖాళీలను తీసివేయరు. ఫాల్స్ సీలింగ్ ఉంటే మాత్రం దాని నిలువు అంచులు మరిచిపోవద్దు. లైట్లు దాచే అంచు గది చుట్టూ తిరుగుతుంది. దాని పొడవును ఎత్తుతో గుణించి సీలింగ్‌కి కలపండి.

2. మూడున్నర ఎక్కడ తప్పుతుందో చూడండి

మన బెడ్‌రూమ్‌లో గోడలు, సీలింగ్ కలిపి 462. నేల 132 × 3.5 చేసినా 462 వస్తుంది. అచ్చంగా సరిపోయింది! ఈ సూత్రాన్ని అందరూ నమ్మడానికి కారణం ఇదే, మామూలు సైజు గదికి అది నిజమే.

ఇప్పుడు 22 × 14 హాలు చూడండి. చుట్టుకొలత 72, ఎత్తు అదే 9.5, గోడలు 684. సింహద్వారం, రెండు బెడ్‌రూమ్ తలుపులు, వంటగది దారి, బాల్కనీ స్లైడింగ్ డోరు, ఒక కిటికీ కలిపి 170 దాకా పోతాయి. మిగిలేది 514. సీలింగ్ 308 కలిపితే 822. సూత్రం ప్రకారం 308 × 3.5 = 1,078. అంటే 250కి పైగా ఎక్కువ.

5 × 4 పూజ గది సంగతి దీనికి తలకిందులు. చుట్టుకొలత 18, గోడలు 171, తలుపు తీసేసి సీలింగ్ కలిపితే 173 పైచిలుకు. సూత్రం చెప్పేది 70 మాత్రమే! గది చిన్నదయ్యే కొద్దీ నేలతో పోలిస్తే గోడ ఎక్కువ. పెద్దదయ్యే కొద్దీ తక్కువ, పైగా హాలుకి తలుపులూ దారులూ ఎక్కువ. ఇల్లంతా కలిపి చూస్తే ఈ హెచ్చుతగ్గులు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. కానీ హాలుకి కలిపించిన లేత బూడిద రంగు మిగిలిందని దాన్ని పూజ గదికి వేయలేం కదా.

3. లప్పం, ప్రైమర్, రంగు: మూడు వేరు లెక్కలు

గోడ విస్తీర్ణం ఒకటే అయినా దాని మీద పడే ఒక్కో సరుకు కవరేజీ, అంటే కిలోకో లీటరుకో వచ్చే విస్తీర్ణం, వేరు. కొత్త ఇల్లయితే మూడూ కావాలి.

లప్పం, అంటే పుట్టీ, కిలోల్లో లెక్క. తెల్ల సిమెంటు పుట్టీ రెండు కోట్లకు (కోటు అంటే ఒకసారి వేసే పొర) కిలోకి 10 నుంచి 14 చదరపు అడుగుల దాకా వస్తుంది. తాపీ పని ఎలా ఉందన్న దాని మీదే ఇదంతా. ప్లాస్టరింగ్ సాపుగా ఉంటే 14 దగ్గర, గతుకులుగా ఉంటే 10 కంటే తక్కువే. మధ్యస్తంగా 12 వేసుకుంటే మన గదికి 462 ÷ 12 = 38.5 కిలోలు, అంటే 40 కిలోల బస్తా ఒకటి. కొలవకుండానే ప్లాస్టరింగ్ నాణ్యత తెలుసుకోవాలంటే రాత్రి పూట గోడ పక్కన టార్చి పెట్టి అడ్డంగా వెలుగు వేసి చూడండి. గుంటలు, మిట్టలు నీడలతో సహా కనిపిస్తాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఈమధ్య ఎక్కువగా చేస్తున్న జిప్సమ్ ప్లాస్టర్ అయితే గోడ ముందే నున్నగా ఉంటుంది, లప్పం బాగా తగ్గిపోతుంది.

ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత, ఒక కోటు. లప్పం పెట్టి రుద్దిన గోడ మీద లీటరుకి 120 చదరపు అడుగులు అనుకుంటే 462 ÷ 120, అంటే 4 లీటర్లకు కాస్త తక్కువ.

ఇక రంగు. లోపలి గోడలకు వేసే ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే రంగు, నున్నటి గోడ మీద రెండు కోట్లు కలిపి లీటరుకి 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. డబ్బా మీద రాసిన కవరేజీ ఒక కోటుకా, రెండు కోట్లకా అన్నది తప్పకుండా చదవండి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, ఒక కోటు సంఖ్యను రెండు కోట్లకు వాడితే రంగు సగంలోనే అయిపోతుంది. కొన్ని డబ్బాల మీద చదరపు మీటర్లలో ఉంటుంది, 10.76తో గుణిస్తే చదరపు అడుగులు వస్తాయి.

మన గది గోడలకు 330 ÷ 120 = 2.75 లీటర్లు. వృథాకి పది శాతం కలుపుకుంటే 3 లీటర్లు దాటుతుంది. సీలింగ్‌కి 132 ÷ 120 = 1.1 లీటర్లు.

ఇంకో సంగతి. కవరేజీ సంఖ్య నీళ్లు కలపని రంగుకి. ఎమల్షన్‌లో ఎన్ని నీళ్లు కలపాలో డబ్బా మీదే ఉంటుంది, అంతే కలపాలి. నీళ్లు ఎక్కువ పోస్తే బకెట్టు నిండుగా కనిపిస్తుంది, గోడ మీద మాత్రం పొర పలచబడుతుంది. చివరికి మూడో కోటు వేయాల్సి వస్తుంది. మూడో కోటంటే రంగు సగం పెరిగినట్టే. 2.75 లీటర్ల గదికి 4 లీటర్లు దాటుతాయి. ముదురు రంగు గోడను లేత రంగులోకి మార్చేటప్పుడూ, ముదురు ఎరుపు, ముదురు పసుపు లాంటివి వేసేటప్పుడూ మూడో కోటు ముందే లెక్కలో వేసుకోండి. అవి కింది రంగును త్వరగా కప్పవు.

పాత ఇంటికి మళ్లీ రంగు వేయిస్తుంటే గోడంతా లప్పం అక్కర్లేదు. పెచ్చులూడిన చోట్లు, పగుళ్లు, మేకుల కన్నాలు మాత్రం చూసి, వాటి విస్తీర్ణం కొలిచి అంతవరకే లప్పం, ప్రైమర్ లెక్కేయండి. చెమ్మ పట్టిన గోడ ఉంటే ముందు ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి బాగు చేయించాలి. అది చేయకుండా ఎన్ని లీటర్లు లెక్క కట్టినా ఆ రంగు గోడ మీద నిలవదు.

4. మీ గోడనే అడగండి

డబ్బా మీది సంఖ్య కంపెనీ వాళ్లు నున్నటి ఉపరితలం మీద తేల్చింది. మీ గోడ ఎంత పీలుస్తుందో మీ గోడే చెప్పాలి. ముఖ్యంగా బయటి గోడలకు ఈ పరీక్ష చేసి తీరాలి. రంగు మొత్తం కొనకముందు ఒక లీటరు తెచ్చి, చెప్పినన్ని నీళ్లు కలిపి, ఎండ పడే గోడ మీద ఒక మూల నుంచి రోలర్‌తో వేయించండి. అయిపోయాక ఎంత విస్తీర్ణం వచ్చిందో కొలవండి. ఆరాక దాని మీదే రెండో కోటు ఇంకో లీటరుతో. రెండో కోటు ఎప్పుడూ కొంచెం ఎక్కువ దూరం వస్తుంది, గోడ అప్పటికే పీల్చుకుని ఉంటుంది కాబట్టి.

ఉదాహరణకు మొదటి కోటు లీటరుకి 105 చదరపు అడుగులు, రెండో కోటు లీటరుకి 125 లెక్కన వచ్చాయనుకోండి. రెండు కోట్లకు సగటు తీసి 115 అనుకోవడం తప్పు. మొదటి కోటుకి చదరపు అడుగుకి 1000 ÷ 105 = 9.5 మిల్లీలీటర్లు, రెండో కోటుకి 8. మొత్తం 17.5. అంటే లీటరుకి రెండు కోట్లతో 57 చదరపు అడుగులు. ఇదే మీ గోడ అసలు లెక్క.

కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరాకే ఈ పరీక్షయినా, రంగయినా.

5. బయటి గోడలు: మరిచిపోయే చోట్లు

బయటి ఎమల్షన్ మామూలు ఇసుక ప్లాస్టర్ మీద రెండు కోట్లకు లీటరుకి 50 నుంచి 60 చదరపు అడుగులే వస్తుంది. లోపలితో పోలిస్తే సగానికి తక్కువ. అందుకే బయట కొలత తప్పితే నష్టం రెట్టింపు.

30 × 40 అడుగుల గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు అనుకుందాం. చుట్టుకొలత 140. ఎత్తు: పునాది పైకి కనిపించే భాగం 2 అడుగులు, స్లాబు దాకా 10.5, పిట్టగోడ 3. మొత్తం 15.5. గోడలు 140 × 15.5 = 2,170. తలుపులు, కిటికీలు సుమారు 200 తీసేద్దాం.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పిట్టగోడకి లోపలి వైపు కూడా ఉంటుంది: 140 × 3 = 420. దాని పైభాగం ఆరంగుళాలు: 70. కిటికీల మీది సజ్జలకు కిందా, పైనా, అంచులకూ రంగు పడుతుంది. 6 × 2 అడుగుల సజ్జకు కింద 12, పైన 12, నాలుగంగుళాల అంచు మూడు వైపులా 3 కంటే కొంచెం ఎక్కువ, అంటే 27. ఆరు సజ్జలకు 162. ఇవన్నీ కలిపితే 2,622 చదరపు అడుగులు.

లీటరుకి 55 వేస్తే 47.7 లీటర్లు. పది శాతం కలిపితే 52 దాటింది. రెండు 20 లీటర్ల బకెట్లు, ఒక 10, ఒక 4 తీసుకుంటే సరిపోతుంది. పిట్టగోడ లోపలి వైపు, పైభాగం, సజ్జలు కొలవకపోయి ఉంటే 650 చదరపు అడుగులు, అంటే దాదాపు 12 లీటర్లు తక్కువ వచ్చేది. మెట్ల కింది ఏటవాలు భాగం, ట్యాంకు గోడలు, ప్రహరీ గోడ రెండు వైపులా, ఇవన్నీ కూడా అంతే. ఇంటి చుట్టూ నోటు పుస్తకంతో ఒకసారి నడిచి, కనిపించిన ప్రతి ఉపరితలాన్నీ రాసుకోవడం తప్ప వేరే దారి లేదు.

6. తలుపులు, గ్రిల్స్, షట్టర్లు

తలుపు కొలత వెడల్పు × ఎత్తు అనుకుంటే తక్కువ వస్తుంది. అంచులు, ద్వారబంధం, ప్యానెళ్ల గాడులు ఉంటాయి కదా. ప్రభుత్వ పనుల్లో దీనికి గుణకాలు వాడతారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1200, 15వ భాగంలో ఇవి ఉన్నాయి, మనమూ వాడుకోవచ్చు. ద్వారబంధంతో సహా చదునుగా కొలిచి, ప్యానెల్ తలుపులకు ఒక్కో వైపు 1.30తో, ఫ్లష్ తలుపులకు (ప్యానెళ్లు లేని చదును తలుపులు) 1.20తో, రోలింగ్ షట్టర్లకు 1.10తో గుణించాలి. కిటికీ గ్రిల్స్, రెయిలింగులకు మాత్రం ఒక్క వైపు కొలత చాలు, చుట్టూరా పడే రంగు మొత్తానికి అదే లెక్క. రెండు వైపులా కొలిచి రెట్టింపు చేస్తే ఖాళీలకు కూడా రంగు కొన్నట్టే.

3 × 7 ఫ్లష్ తలుపు: 21 × 1.20 × 2 = 50 చదరపు అడుగులు. నాలుగు తలుపులకు 200. ఎనామెల్ (చెక్కకి, ఇనుముకి వేసే ఆయిల్ రంగు) కుంచెతో వేస్తే ఒక కోటుకి లీటరుకి 100 చదరపు అడుగులనుకోండి, రెండు కోట్లకు 4 లీటర్లు. 5 × 4 గ్రిల్స్ ఆరు: 120 చదరపు అడుగులు, రెండు కోట్లకు 2.4 లీటర్లు, కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ 1.2 లీటర్లు. గుండ్రటి పైపు రెయిలింగ్ విడిగా కొలవాలంటే వ్యాసాన్ని 3.14తో గుణించండి. రెండంగుళాల పైపు అడుగు పొడవుకి అర చదరపు అడుగు కంటే కొంచెం ఎక్కువ.

7. డాబా మీద పూత, ఇనుము మీద పూత: ఇక్కడ లెక్క మందంతో

గోడ రంగుకి కవరేజీ చాలు. నీరు కారకుండా డాబా మీద వేసే పూతకూ, తుప్పు పట్టకుండా ఇనుము మీద వేసే ఎపాక్సీ, పీయూ (పాలీయూరిథేన్) పూతలకూ అది చాలదు. అక్కడ పొర ఎంత మందం ఉందన్నదే రక్షణ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల గేట్లు, రేకుల షెడ్లు తొందరగా తుప్పు పడతాయి, అక్కడి వాళ్లకు ఈ లెక్క మరీ అవసరం.

మూలం చాలా తేలిక. ఒక లీటరు పూతను ఒక చదరపు మీటరు మీద పరిస్తే తడిగా ఉన్నప్పుడు దాని మందం ఒక మిల్లీమీటరు, అంటే 1,000 మైక్రాన్లు. ఆరాక నీరో, థిన్నరో ఆవిరై పోతుంది. మిగిలే ఘనభాగం ఎంత శాతమో కంపెనీ వివరాల పత్రంలో వాల్యూమ్ సాలిడ్స్ అని రాస్తారు. అది 50 శాతమైతే ఆరిన పొర 500 మైక్రాన్లు.

కాబట్టి సూత్రం: ఘనభాగం శాతాన్ని 10తో గుణించి, కావలసిన ఆరిన మందంతో భాగిస్తే లీటరుకి ఎన్ని చదరపు మీటర్లో వస్తుంది. 60 శాతం ఘనభాగం ఉన్న ఎపాక్సీ ప్రైమర్ 75 మైక్రాన్లు వేయాలంటే 600 ÷ 75 = 8 చదరపు మీటర్లు. ఇది కాగితం మీది లెక్క. స్ప్రేతో వేస్తే గాలికి పోయేది, గొట్టంలో మిగిలేది కలిపి 30 శాతం వృథా వేసుకోవాలి, అప్పుడు 5.6. వంద చదరపు మీటర్లకు దాదాపు 18 లీటర్లు. కుంచెతోనో రోలర్‌తోనో వేస్తే వృథా బాగా తగ్గుతుంది. ముడతల ఇనుప రేకు చదునుగా కనిపించేదాని కంటే ఎక్కువే ఉంటుంది, చదును కొలతను 1.14తో గుణించండి.

డాబాకి చూద్దాం. 50 శాతం ఘనభాగం, ఆరాక 600 మైక్రాన్లు కావాలని పత్రంలో ఉందనుకోండి. తడి పొర 1,200 మైక్రాన్లు, చదరపు మీటరుకి 1.2 లీటర్లు. వంద చదరపు మీటర్ల డాబాకి 120 లీటర్లు, పది శాతం కలిపితే 132. పిట్టగోడ మీదికి అర అడుగో అడుగో ఎక్కించే భాగం దీనికి అదనం. ఈ సంఖ్య చూసి "అంతెందుకు, అరవై లీటర్లలో చేసేస్తాం" అనేవాళ్లు ఉంటారు. చేయగలరు. పొర 300 మైక్రాన్లే ఉంటుంది, వానాకాలంలో నీరు దిగుతుంది. ఇలాంటి పనిలో లీటర్లు తగ్గించి చెప్పిన కొటేషన్‌ను చౌక అనుకోవద్దు, ఎన్ని మైక్రాన్లు వేస్తారో కాగితం మీద రాసిమ్మని అడగండి.

రెండు డబ్బాలు కలిపి వాడే పూతలను, బేస్, హార్డెనర్ ఉన్నవాటిని, కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. ఆ పూట ఎంత పని జరుగుతుందో చూసి అంతే కలపండి. ఇలాంటి కొన్ని పూతలు కిలోల్లో అమ్ముతారు, పత్రంలో ఉన్న సాంద్రతతో భాగిస్తే లీటర్లు వస్తాయి.

8. కొనేటప్పుడు

లెక్కను గదుల వారీగా కాకుండా షేడ్ల వారీగా కూడండి. రెండు బెడ్‌రూమ్‌లకూ ఒకే రంగైతే, 330 + 310 = 640 ÷ 120 = 5.3, పది శాతంతో 5.9. ఒక 4 లీటర్లు, రెండు ఒక లీటర్లు. అవే వేరు వేరు రంగులైతే ఒక్కోదానికి విడిగా 3 లీటర్ల దగ్గర ఆగుతుంది. చిన్న డబ్బాలో లీటరు ధర ఎక్కువ పడుతుంది కాబట్టి ఒక్కోసారి మూడు చిన్నవాటికంటే ఒక 4 లీటర్ల డబ్బాయే నయం. సీలింగ్ తెలుపు ఇల్లంతా ఒక్కటే, అన్ని గదులదీ కలిపి ఒక్క పెద్ద డబ్బా తీసుకోండి.

ఒక గోడకి కావలసిన రంగంతా ఒకేసారి, ఒకే షాపులో కలిపించండి. తర్వాత తెచ్చిన లీటరు అదే కోడ్‌తో కలిపినా రవంత తేడా రావచ్చు, మధ్యాహ్నం వెలుగులో గోడ మీద అతుకు కనిపిస్తుంది. ఒక షేడుకి రెండు మూడు డబ్బాలు కొన్నప్పుడు పని మొదలయ్యే ముందే అన్నీ ఒక పెద్ద బకెట్టులో పోసి కలపమని చెప్పండి.

పెయింటర్‌తో మాట్లాడేటప్పుడు కూలీ కొలత, సరుకు కొలత వేరని గుర్తుంచుకోండి. చాలామంది కూలీ లెక్కలో తలుపులు, కిటికీలు తీసివేయరు. వాటి అంచుల దగ్గర టేపు వేసి జాగ్రత్తగా కుంచె పట్టాలి, దానికి టైము పడుతుంది కాబట్టి అది న్యాయమే. కానీ అదే కొలత పెట్టి రంగు కొంటే మిగిలిపోతుంది.

పని జరుగుతున్నన్ని రోజులూ ఖాళీ అయిన ప్రతి డబ్బా మీద ఏ గదికి వాడారో మార్కర్‌తో రాయించి ఒక మూల పెట్టించండి. మొదటి గది అయ్యేసరికి మీ అంచనా, అసలు వాడకం పక్కపక్కన కనిపిస్తాయి. తేడా పది శాతం దాటితే మిగతా గదులకు కొనే ముందే లెక్క సరిచేసుకోవచ్చు. పనయ్యాక ప్రతి షేడులో అర లీటరు మూత గట్టిగా బిగించి దాచండి, డబ్బా మీద షేడు కోడ్, బ్రాండు, గది పేరు, తేదీ రాసి.